సువర్ణముఖరీ తీర కైంకర్యము

పాండవ మధ్యముడైన అర్జునుడు తీర్థయాత్రలు చేయుచు వేంకటాచల ప్రాంతమునకు వచ్చి, ఒక నదీతీరమున భరద్వాజ మహర్షి ఆశ్రమమును దర్శించెనని స్కాందపురాణమునందలి వేంకటాచల మాహాత్మ్యము తెలుపుచున్నది. ఆతిథ్యము స్వీకరించిన పిమ్మట అర్జునుడు ఆ నది ఎట్లు పుట్టినదో, ఎవరు తెచ్చిరో తెలుపుమని మహర్షిని ప్రార్థించెను. ఆ నదియే సువర్ణముఖరి. నేడు స్వర్ణముఖి యని మనము పిలుచుచున్నది దానినే.

మహర్షి చెప్పిన వృత్తాంతము భక్తులలో పలువురకు తెలిసినదే. వింధ్యగర్వమును అణచి దక్షిణమునకు విచ్చేసిన అగస్త్యుడు ఈ కొండల నడుమ నివసించుచుండగా, నది లేని దేశము శోభింపదని అశరీరవాణి పలికినదట. అంతట అగస్త్యుడు ఘోరతపస్సు చేసి బ్రహ్మను మెప్పించి, గంగాంశగల ఒక ప్రవాహమును ఈ సీమకు రప్పించెను. ఈ కథలో గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఈ నది తనంతట తాను సమృద్ధిగా పారుచు వచ్చినది కాదు. దేశమునకు నీటి కొరత యున్నదని యెరిగి, ఒక మహర్షి అడిగి తెచ్చుకొన్నది. అడిగి తెచ్చుకొన్న వస్తువును కాపాడుకొనవలసిన బాధ్యత తెచ్చుకొన్నవారి సంతతిపై ఉండును గదా!

పాకాల ప్రాంతపు కొండలలో పుట్టి, చంద్రగిరి ప్రక్కగా ప్రవహించి, తొండవాడ ముక్కోటి అగస్త్యేశ్వరాలయము చెంత కల్యాణీ భీమానదులతో కలిసి, తిరుపతికి దక్షిణముగా సాగి, తిరుచానూరును, గుడిమల్లమును, శ్రీకాళహస్తిని సేవించి, నాయుడుపేట, వాకాడు ప్రాంతములమీదుగా స్వర్ణముఖి బంగాళాఖాతమును చేరును. దీని పొడవు సుమారు 130 కిలోమీటర్లు. ఇంత చిన్న నదికి ఇన్ని పుణ్యక్షేత్రములు దక్కుట అపురూపము. వివాహానంతరము శ్రీనివాసుడు పద్మావతీదేవితో ఆరు మాసములు అగస్త్యాశ్రమమున విడిది చేసెనను ఐతిహ్యముగల శ్రీనివాసమంగాపురము కూడ ఈ నదీమండలములోనిదే.

అయినను యాత్రికుడు నేడు వంతెనమీదుగా బస్సులో పోవుచు క్రిందికి చూచినచో, సంవత్సరములో అధికభాగము వానికి కనబడునది ఇసుక, ఇసుక లేనిచోట గోతులు, గోతులలో ముండ్లకంప, కంపకు చిక్కుకొన్న ప్లాస్టికు సంచులు. "ఇదియేనా స్వర్ణముఖి?" యని యడిగి, సమాధానము కొరకు ఎదురుచూడకయే వారు ముందునకు సాగుదురు. నీరు లేదు గనుక నది చచ్చినదని వారి భావము. ఇక్కడనే పొరపాటున్నది.

ఎండు సీమలో నది పనిచేయు విధము వేరు. కృష్ణా గోదావరులవలె ఇది ఏడాది పొడవునా కంటికి కనబడునట్లు పారదు. వర్షాకాలమున, విశేషించి ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్య ఋతుపవనము వచ్చినపుడు, కొన్ని దినములు ఉరవడిగా పారి, తక్కిన కాలమంతయు ఇసుక క్రింద దాగి మెల్లగా కదలుచుండును. ముతక ఇసుకలో రేణువు రేణువునకు నడుమ నుండు సందు మొత్తము పరిమాణములో ఇంచుమించు మూడవ వంతు ఉండును. ఆ సందులన్నియు నీటితో నిండినపుడు నది ఒక పెద్ద మూతవేసిన చెరువు వంటిది. పైన ఇసుక కప్పియుండుటచే ఎండకు ఆవిరి కాదు, పాచి పట్టదు, దోమ చేరదు. వేసవిలో ఊరి స్త్రీలు బిందెలతో వచ్చి, ఏటిలో చేతులతో చెలమ తీసి, ఊరిన తేటనీటిని కొబ్బరిచిప్పతో ముంచుకొనిపోవుట రాయలసీమలో వృద్ధులందరు ఎరిగిన దృశ్యమే. ఏటి గర్భమునుండి త్రవ్విన ఊటకాలువలు గట్టునగల పొలములకు పారెడివి. ఏటేట వాటి పూడిక తీయుటకు ఊరివారు ఇంటికొక మనిషి చొప్పున వచ్చెడివారు. అట్టి ఉమ్మడిపనికి కుడిమరామత్తు అని పేరు. వచ్చి పనిచేయనివానికి నీటిలో వాటా అడుగుటకు నోరుండెడిది కాదు.

కావున ఇసుక నదికి దేహము. నీరు ప్రాణము. దేహము పోయిన పిదప ప్రాణమెక్కడ నిలుచును? ఒక ఏటిలోని ఇసుకను అడుగు బంకమట్టి కనబడువరకు తోడివైచిన, వచ్చిన వరద ఆగదు; సముద్రమునకు పరుగిడును. ఏటి మట్టము దిగిపోవును. దానితోపాటు ఇరుగట్ల బావులలోని నీరును దిగిపోవును. బావి ఎండినవాడు బోరు వేయును. వాని ప్రక్కవాడు అంతకంటె లోతుగా వేయును. లోతునకు అంతము లేదు. అప్పునకు అంతకంటె లేదు. చిత్తూరు సీమ రైతు కుటుంబములలో బోర్లకై చేసిన అప్పును తలచి కంటనీరు పెట్టని ఇల్లు అరుదు.

దేహమునకు చర్మమువంటిది గట్టుమీది చెట్టూ చేమా. ఏరుమద్ది, కానుగ, నేరేడు, వావిలి, రెల్లు, తుంగ, జమ్ము, మొగలి యనునవి ఈ సీమ ఏటిగట్లకు సహజములు. పెద్దచెట్ల వ్రేళ్ళు గట్టును పట్టియుంచును. రెల్లుగడ్డి వరదనీటికి వంగి, నీటి వేగమును తగ్గించి, అది మోసికొనివచ్చు ఒండ్రును అక్కడనే దింపించును. వరద తీసిన పిదప తిరిగి లేచును. గిజిగాడు గూడు కట్టుకొనుటకును, లకుముకిపిట్ట కాచుకొని కూర్చుండుటకును, నీటికోడి పిల్లలను దాచుకొనుటకును ఆ పొదలే దిక్కు. ఈ నదికి వాడుకలో మొగలేరు అను పేరొకటి కలదు. ఆ పేరు ఎట్లు వచ్చినను, వినగానే మొగలిపొదల వాసన తలపునకు వచ్చుట సహజము. నేడు ఆ గట్లపై మొగలి పొద కనబడిన యాత్రికుడు అదృష్టవంతుడు.

ఏరుమద్దికి సంస్కృతమున అర్జునవృక్షమని పేరు. గోకులమున బాలకృష్ణుడు రోటిని ఈడ్చుకొనిపోయి కూల్చి, కుబేరపుత్రులకు శాపవిమోచనము కలిగించిన జంట మద్దిచెట్లు ఈ జాతివే యని పెద్దలందురు. అర్జునుడు స్నానమాడిన నదికి అర్జునవృక్షము కాపరియై నిలుచుటలో ఒక అందము కలదు.

ఇట్టి మాటలు విని కొందరు భక్తులు, "ఇవన్నియు ప్రభుత్వములు, ఇంజనీర్లు చూచుకొనవలసిన విషయములు; దేవుని సేవకు వచ్చినవారికి వీటితో ఏమి పని?" అని శంకింపవచ్చును. శంక న్యాయమైనదే. దానికి సమాధానము తిరుచానూరులోనే కలదు. లక్ష్మీదేవి తనను వీడిపోయిన తరువాత స్వామి ఈ సువర్ణముఖరీ తీరమునకు వచ్చి తపస్సు చేసెను. ఆ తపస్సునకు సాధనముగా ఆయన యాగశాల కట్టలేదు. కుంతాయుధముతో నేలను త్రవ్వి సరస్సును నిర్మించెను. దేవలోకమునుండి స్వర్ణకమలములను తెప్పించి అందు నాటెను. నాటినవి వాడిపోకుండ వికసించుచుండుటకై సూర్యభగవానుని ప్రతిష్ఠించి ఆరాధించెను. తిరుచానూరులోని సూర్యనారాయణస్వామి ఆలయము ఆ ఐతిహ్యమునకు సాక్షి. పండ్రెండేండ్లు గడచిన పిదప కార్తిక శుద్ధ పంచమినాడు ఆ సరస్సునందలి కమలములో అమ్మవారు ఆవిర్భవించెను. పంచమీతీర్థమునాడు పద్మసరోవరమున మునుగు లక్షలాది భక్తులు స్మరించునది ఈ సన్నివేశమునే.

నీటి గుంట త్రవ్వుట, మొక్క నాటుట, నాటినదానిని ఏండ్లతరబడి కాచుట: లక్ష్మిని తిరిగి రప్పించుటకు జగన్నాథుడు ఎన్నుకొన్న మార్గమిది. మునిగినవారు ఈ మూడింటిని గూర్చి ఎంతమాత్రము తలచుచున్నారో వారికే తెలియవలెను.

భగవద్రామానుజులు బోధించిన సిద్ధాంతమును బట్టి చూచినను ఇదే తేలును. చేతనాచేతనములైన సమస్త వస్తువులు శ్రీమన్నారాయణునకు శరీరము. ఆయన వాటికి ఆత్మ. అచేతనము శరీరమైనపుడు ఇసుకరేణువును ఆ శరీరములోనిదే. అర్చామూర్తికి చిన్న గీటు పడినను ప్రాయశ్చిత్తము విధించుకొను వైష్ణవుడు, అదే స్వామి శరీరమైన ఏటిని రాత్రికి రాత్రి పొక్లెయినులతో పెకలించుచుండగా చూచి ఊరకుండుట ఆ సిద్ధాంతమునకు తగిన నడవడి యనిపించుకొనదు.

శ్రీకాళహస్తి ఆలయ నిర్మాణమును గూర్చి ఒక కథ ప్రచారములో కలదు. పనివారలకు దినాంతమున కూలిగా ఏటి ఇసుకను పిడికెడు ఇచ్చెడివారట. ఎవడు ఎంత పనిచేసెనో వానిచేతిలోని ఇసుక అంత బంగారముగా మారెడిదట. పనిచేయనివానికి ఇసుక ఇసుకగనే మిగిలెడిదట. నదికి స్వర్ణముఖి యను పేరు అందుచేత వచ్చినదని చెప్పువారు కలరు. ఈ కాలమున ఇసుక నిజముగనే బంగారమైనది. అయితే లెక్క తలక్రిందులైనది. చెమటోడ్చినవానికి ఇసుక మిగులుచున్నది. ట్రాక్టరు, లారీ తోలించినవానికి బంగారము దక్కుచున్నది. 2002లో ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల పరిరక్షణకై ఒక చట్టము చేయబడినది. వాల్టా చట్టమని ప్రజలు పిలుచుచున్నది అదియే. చిన్నతరహా గనులకైనను పర్యావరణ అనుమతి ఉండవలెనని 2012లో సుప్రీంకోర్టు ఆదేశించినది. చట్టములకు లోటు లేదు. ఇల్లు కట్టుకొను గృహస్థుడు, "ఈ ఇసుక ఎక్కడిది? రశీదు ఏది?" అని అడుగని దినము వరకు ఆ చట్టములకు కాళ్ళు రావు.

2021 నవంబరు మాసము మధ్యలో కురిసిన కుండపోత వానలు తిరుపతివాసుల జ్ఞాపకములో ఇంకను పచ్చిగానే యున్నవి. 18, 19 తేదీలలో వీధులు ఏరులైనవి. కపిలతీర్థము భయంకరముగా దుమికినది. శ్రీవారిమెట్టు నడకదారి దెబ్బతిన్నది. రాయలచెరువు కట్టకు గండి పడునేమోనని చుట్టుపట్ల గ్రామములు భయముతో గడిపినవి. స్వర్ణముఖి ఉప్పొంగి గట్లు కోసికొనిపోగా, అంచున కట్టిన ఇండ్లు కూలి ప్రవాహములో పడుటను జనులు కన్నులార చూచిరి. దశాబ్దములుగా నీరు లేదని ఏటిని ఆక్రమించినవారికి ఏరు తన పొలిమేరను చూపి పోయినది. అంత వానకు ఏ చెట్టును పూర్తిగా అడ్డుపడజాలదను మాట నిజము. కాని ఇసుక పోయి లోతైన ఏటిలో, వేరు పోయి వట్టిదైన గట్టు ఒక్క పూటకైనను నిలువజాలదనుటయు అంతే నిజము.

ఇట్టి స్థితికి శాస్త్రములో ఉపమానము వెదకవలెనన్న భాగవత దశమస్కంధమునకు పోవలెను. కాళియుడు చేరిన మడుగులో యమున ఉడికిపోవుచుండెను. దానిపై ఎగిరిన పక్షులు రాలిపడెను. ఆ గాలి సోకి గట్టుమీది వృక్షములు మాడిపోయెను. నీరు త్రాగిన గోవులు, గోపాలురు ప్రాణములు కోల్పోయి, స్వామి చూపుతో తిరిగి లేచిరి. తీరమున మిగిలినది ఒక్క కడిమిచెట్టు. శ్రీకృష్ణుడు దానిని ఎక్కి మడుగులోనికి దుమికెను. తరువాతి కథ పిల్లలకును తెలియును. అయినను ఉపన్యాసములలో కాళియుని పడగలపై నాట్యమును వర్ణించునంతగా దాని ఫలితమును వర్ణించుట అరుదు. స్వామి కాళియుని చంపలేదు; యమునను విడిచి సముద్రమధ్యమునగల రమణకద్వీపమునకు పొమ్మని ఆజ్ఞాపించెను. నది గోవులకు, మనుష్యులకు అనుభవింపదగినది కావలెనన్నదే ఆయన చెప్పిన కారణము. విషము కలుపువానిని నదినుండి తొలగించుట మొదటి పని. ఆ తరువాతనే బృందావనము బృందావనమైనది.

అదే దశమస్కంధములో, యజ్ఞపత్నుల కథకు ముందు, మండువేసవిలో స్వామి చెలికాండ్రతో యమునాతీరమున నడచుచు, గొడుగులవలె నీడపట్టుచున్న చెట్లను చూపి, వాటి బ్రతుకు ఎంత ధన్యమైనదో వివరించును. ఎండను, వానను, మంచును తాము భరించి ఇతరులను కాపాడుచున్నవని వాటిని మెచ్చుకొనును. ఆ మెప్పు ముగియగనే గోపాలురు గోవులతో ఏటికి దిగి చల్లని నీరు త్రాగుదురు. గట్టుమీది నీడకును ఏటిలోని చల్లదనమునకును గల సంబంధమును భాగవతము ఇట్లు ప్రక్కప్రక్కననే ఉంచినది.

చెట్లు మాత్రము నీరు త్రాగవా? నాటిన కొలది ఏటినీరు తగ్గదా? అని కొందరు రైతులు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. త్రాగును. కాని అవి త్రాగునది లోతైన బోర్లు రాత్రింబవళ్ళు తోడునదానిలో స్వల్పభాగము. అన్ని చెట్లును ఒక్కటి కావు కూడ. ఏటిలో దట్టముగా అల్లుకొన్న సర్కారుతుమ్మ ఈ నేలది కాదు, విదేశమునుండి వచ్చినది. అది వచ్చినచోట రెల్లు లేవదు, మద్ది మొలవదు, పసరము దూరజాలదు. వరద వచ్చినపుడు చెత్తనంతయు పట్టి ప్రవాహమును గట్టుమీదికి త్రిప్పును. ఏటిని పచ్చగా చేసితిమని సంతోషించుటకు ముందు ఆ పచ్చదనము ఏ జాతిదో చూడవలెను. కంపను తీయుటయు సేవయే. నాటుటకంటె కష్టమైన సేవ.

వైష్ణవ సంప్రదాయమున కైంకర్యమను మాటకు ఎంత విస్తృతి కలదో తిరుమల చరిత్రయే సాక్ష్యమిచ్చును. శ్రీరామానుజులకు మేనమామయు, రామాయణ రహస్యములను ఉపదేశించిన గురువును ఐన తిరుమలనంబి చేసిన సేవ తీర్థకైంకర్యము. నిత్యము పాపవినాశనమునుండి కుండతో నీరు మోసి స్వామి అభిషేకమునకు సమర్పించెడివారు. వార్ధక్యమున ఒకనాడు దారిలో ఒక వేటగాడు ఎదురై, "తాతా, దాహము!" అని అడిగెను. స్వామికి తెచ్చునది ఇవ్వరాదని నంబి నిరాకరించెను. వేటగాడు వెనుకనుండి కుండకు రంధ్రము చేసి నీరంతయు త్రాగివైచెను. ఇక అంతదూరము తిరిగి పోజాలనని నంబి దుఃఖించుచుండగా, వాడు కొండపై బాణము విడిచి సమీపముననే ఆకాశగంగను రప్పించి అంతర్ధానమందెను. ఆ వృద్ధుని మోకాళ్ళనొప్పి చూచి స్వామి నీటిని దగ్గరకు తెచ్చెను. నేటికిని అధ్యయనోత్సవముల ముగింపున జరుగు తన్నీరముదు ఉత్సవము ఆ సంఘటనను జ్ఞప్తికి తెచ్చుచున్నది.

అనంతాళ్వానుది మరియొక విధము. తిరుమలకు పోయి పుష్పకైంకర్యము చేయువారెవరని రామానుజులు శిష్యసభలో అడిగినపుడు, కొండచలికిని, అడవికిని వెరచి అందరును మౌనము వహింపగా అనంతాళ్వాను లేచెను. తోటకు నీరు కావలెను గదా. నిండుచూలాలైన భార్య మట్టి మోయుచుండగా తాను గునపముతో చెరువు త్రవ్వసాగెను. బాలుని రూపమున స్వామి వచ్చి ఆమె తట్టను అందుకొనెను. తన సేవలో ఇతరులకు భాగమివ్వనొల్లని అనంతాళ్వాను కోపించి గునపము విసరగా అది బాలుని గడ్డమునకు తగిలెను. గర్భాలయమున స్వామి గడ్డమునుండి రక్తము స్రవించుట చూచి అర్చకులు నివ్వెరపోయిరి. నాడు అద్దిన పచ్చకర్పూరము నేటికిని స్వామి చుబుకమున కనబడుచున్నది. ఆ గునపము మహాద్వారము చెంత వ్రేలాడుచున్నది. బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు బాగ్ సవారి పేరిట స్వామి ఆ భక్తుని తోటకు వేంచేయుచున్నారు.

గునపమునకు గోపురద్వారమున స్థానమిచ్చిన ఆలయము లోకమున మరియొకటి కలదో లేదో! మహాద్వారమును దాటు ప్రతి భక్తుడు త్రవ్వకపు పనిముట్టు క్రిందుగా పోవుచున్నాడు. తలయెత్తి చూచువారు కొందరే.

వీరి తరువాతి శతాబ్దములలో ఈ భావము ఆలయపు ధర్మకర్తృత్వముననే ప్రవేశించినది. 1930 దశకమున దేవస్థానమువారు సంపుటములుగా ప్రకటించిన తిరుమల తిరుపతి శాసనములను చదివినవారికి ఒక విశేషము కనబడును. 15, 16 శతాబ్దములలో దాతలు శ్రీభండారమునకు ధనము సమర్పించి, ఆ ధనముతో దేవాలయ గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వింపవలెననియు, అందువలన పెరిగిన పంటనుండి తమ పేర స్వామికి నైవేద్యములు జరుపవలెననియు ఏర్పాటు చేసిరి. హుండీలో పడిన నాణెము ముందు పూడిక తీసిన మట్టియై, తరువాత వరిచేనై, ఆపై స్వామికి అన్నప్రసాదమై, దాతకు రావలసిన ప్రసాదభాగముగ తిరిగి వచ్చెడిది. ఇంతకంటె చక్కని దానవిధానమును ఊహించుట కష్టము. ఏటి నీటికిని స్వామి నైవేద్యమునకును నడుమ గల దారిని ఆనాటివారు రాతిపై వ్రాసియుంచిరి.

ఈ దారి నేటి యాత్రికునకును వర్తించును. స్వర్ణముఖికి ఉపనదియైన కల్యాణిపై రంగంపేట సమీపమున 1977లో కట్టిన ఆనకట్టనుండి తిరుపతికి, తిరుమలకు త్రాగునీరు అందుచున్నది. కొండపై ఒక గ్రుక్కెడు నీరు త్రాగిన భక్తుడు ఆ ఏటికి ఋణపడినాడు. ఆనకట్ట పైన నిలిచిన నీరు క్రింది ఏటికి తగ్గిన నీరే. యాత్రికుల దప్పిక తీరినకొలది తిరుచానూరు ప్రక్కన ఇసుక ఎండుచున్నది. దీనికి ఎవరిని నిందించుటయు న్యాయము కాదు; ఋణమును తీర్చు ఉపాయము మాత్రము ఆలోచింపవలెను.

ఉపాయములు లేకపోలేదు. 2000 తరువాతి తొలి సంవత్సరములలో ఈ నదిలోనే కొన్నిచోట్ల ఇసుకక్రింది అడ్డుగోడలు కట్టిరి. ఏటికి అడ్డముగా లోతుగా త్రవ్వి, ఇసుక మట్టమునకు పైకి రాకుండ గోడ నిలిపి, తిరిగి ఇసుకతో కప్పుదురు. పైకి ఏమియు కనబడదు. లోపల జారిపోవు నీరు ఆగును. సమీపపు బావులలో నీటిమట్టము పెరిగినట్లు భూగర్భశాస్త్రజ్ఞుల పరిశీలనలు తెలుపుచున్నవి. అయితే ఇసుక ఉన్నచోటనే ఇది ఫలించును. ఇసుక లేనిచోట గోడ గోడయే.

దూరదేశపు నిదర్శనము కావలెనన్నచో, మెక్సికోలో పుట్టి అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో ప్రవహించు శాన్ పెడ్రో అను ఏటిని చెప్పవచ్చును. 1988లో అక్కడి ప్రభుత్వము ఆ ఏటి ఇరుగట్లను రక్షితప్రాంతముగా ప్రకటించినది. పశువుల మేతను ఆపిరి. ఇసుక, కంకర త్రవ్వకమును మాన్పించిరి. కొన్ని ఏండ్లలోనే కాటన్‌వుడ్, విల్లో అను ఏటిచెట్లు వాటంతటవే మొలచి పెరిగినవి. పక్షులు వేలుగా తిరిగివచ్చినవి. కాని ప్రక్క పట్టణముల బావులు భూగర్భజలమును తోడుచుండుటచే ఆ ఏటికి నేటికిని గండము తప్పలేదు. గట్టుమీద కంచె వేసినంతమాత్రమున చాలదనుటకు అదియొక పాఠము.

స్వస్థలముననే మరియొక నిదర్శనము కలదు. తిరుపతి సమీపమున పేరూరుబండపై వకుళమాత ఆలయము చాలకాలము శిథిలమై పడియుండెను. ఆ తల్లి కొండను కంకరకై చుట్టును తొలిచివేయుచుండిరి. భక్తులు ఆందోళన చేసిరి; విషయము న్యాయస్థానమునకు పోయినది; ఎట్టకేలకు ఆలయము పునర్నిర్మింపబడి 2022 జూన్ 23న మహాసంప్రోక్షణ జరిగినది. స్వామిని పెంచిన తల్లి కొండ అని జనులు గుర్తించిన దినమున తవ్వకము ఆగినది. అలమేలుమంగకు పుట్టినిల్లయిన తీరమని గుర్తించుటకు స్వర్ణముఖి విషయమున ఇంకను ఏమి అడ్డమున్నదో తెలియదు.

గృహస్థులు చేయదగిన పని కొండంత యేమియు లేదు. స్నానమైన పిదప విడిచిన బట్టలను, పూజ ముగిసిన పటములను, పాలిథీను సంచులలో కట్టిన నిర్మాల్యమును ఏటిలో పడవేయుట పుణ్యమని యెవరు చెప్పిరో తెలియదు; ఏ ఆగమమును అట్లు చెప్పలేదు. నిర్మాల్యమును తులసికోటచెంత పాతిపెట్టిన చాలును. ఏటిగట్టుననే ఇంటిస్థలము చవుకగా వచ్చుచున్నదని కొనబోవువారు 2021 నాటి వరద ఎంతవరకు వచ్చినదో ఊరివారిని అడిగి తెలిసికొనవలెను.

మొక్కలు నాటు ఉత్సవములను గూర్చి కూడ ఒక మాట చెప్పక తప్పదు. వేదికవేసి, మాలలువేసి, ఒక్క దినమున వేయి మొక్కలు నాటితిమని పత్రికలలో ఫోటోలు ప్రకటించుకొనుట పరిపాటియైనది. మరుసటి వేసవికి వాటిలో ఎన్ని మిగిలినవని అడుగువారు లేరు. స్వామి కమలములను నాటి, తరువాత పండ్రెండేండ్లు కాచెను. గట్టున నాటిన మొక్కకు కనీసము మూడు వేసవులు మేకనుండి, పశువునుండి కాపు కావలెను. వేయి నాటి వదలుటకంటె పది నాటి పదింటిని నిలుపుట మేలు. తిరుమల యాత్రకు ఏటేట వచ్చు కుటుంబములు దారిలోని ఒక గ్రామమువారితో మాటాడుకొని, పది మొక్కల కాపుకు అయ్యెడి ఖర్చును ముడుపుగా కట్టుకొనవచ్చును. ఏటేట వచ్చినపుడు ఆ చెట్లను చూచి పోవచ్చును.

విత్తనములకు కాలనియమము కలదు. మద్దికాయలు, కానుగకాయలు వేసవిలో ఎండి రాలును. వాటిని ఏరి తొలకరి వరకు దాచుకొనవచ్చును. నేరేడు అట్లు కాదు. జ్యేష్ఠాషాఢములలో పండ్లు తినిన ఇంటిలో పిల్లలు గింజలను పోగుచేసినచో, వాటిని ఆ వారములోననే ఏటిగట్టు తడిమట్టిలో వ్రేలిలోతున పెట్టవలెను. ఎండబెట్టి దాచినచో అవి మొలకెత్తవు.